గోడ మీద చొక్కా ముక్క

"తన నోటితో తనే ఒప్పుకున్నాడు, తన చొక్కా తనే కోయించుకున్నాడు. ఇంకా నీకేం కావాలి వెర్నా? జింక వచ్చి సాక్ష్యం చెప్పాలా?"

డెప్యూటీ షెరీఫ్ రాయ్ కెస్టర్ ఎడమ చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, వేట క్యాంపు గోడ వైపు గడ్డంతో చూపించాడు.

డిటెక్టివ్ వెర్నా హాస్లర్ కోటు విప్పి మేకుకి తగిలించింది. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది. ఆ తర్వాతే గోడ వైపు తిరిగింది. యాభై రెండేళ్ళలో ఆవిడ నేర్చుకున్న విద్య ఒక్కటే: ఎదుటివాడు ఎంత తొందరపడితే తను అంత నిదానించడం. దానివల్ల సగం కేసులు తేలేవి, మిగతా సగంలో ఎదుటివాడికి రక్తపోటు పెరిగేది. రెండూ ఆవిడకి సంతోషమే.

గోడ నిండా చొక్కా ముక్కలు. గళ్ళవి, చారలవి, రంగు వెలిసి గుర్తుపట్టలేనివి. ఒక్కో దాని మీద ఒక పేరు, ఒక తేదీ, ఒక వేళ. హెమ్‌లాక్ క్యాంపులో నలభై ఏళ్ళుగా ఒకటే చట్టం. జింక మీద కాల్చి గురి తప్పినవాడు తనంతట తానే వచ్చి చెప్పాలి, చొక్కా వెనక అంచు కోయించుకోవాలి, దాన్ని గోడకి కొట్టించుకోవాలి. ఎవడూ అడగడు, ఎవడూ ఆరా తీయడు. పెళ్ళాంతో అబద్ధమాడేవాడు, పాస్టరుతో అబద్ధమాడేవాడు కూడా ఈ ఒక్క విషయంలో నిజమే చెప్పేవాడు.

చిట్టచివరి ముక్క కొత్తది, ఆకుపచ్చ గళ్ళది. దాని మీద సిరా ఇంకా నల్లగా ఉంది. "వెండెల్ ఫ్రిక్. డిసెంబర్ 1. ఉదయం 9:05."

"తొమ్మిదీ పదికి ఎల్లిస్ గ్రోవ్ తొడలోంచి తూటా దూసుకుపోయింది," అన్నాడు కెస్టర్. "అయిదు నిమిషాల తేడా గడియారాలదే. ఆ చుట్టుపక్కల ఉన్నది వెండెల్ ఒక్కడే. కాల్చాననీ, గురి తప్పాననీ మధ్యాహ్నం పన్నెండింటికి మా అందరి ముందే చెప్పాడు. ఆరింటికి మేజిస్ట్రేటు ఉంటారు. కాయితం మీద సంతకం పెట్టించి తీసుకెళ్తాను. నువ్వు ఇంత దూరం వచ్చింది కాఫీకే అనుకో."

"కాఫీ బాగుంటే అలాగే అనుకుంటాను."

"ఆడవాళ్ళు ఈ క్యాంపులో అడుగుపెట్టి పదకొండేళ్ళయింది తెలుసా?"

"అందుకే కాబోలు, నేల తుడిచి కూడా పదకొండేళ్ళయింది."

పొయ్యి పక్కన బల్ల మీద కూర్చున్న ముసలాయన ఆ మాటకి తలెత్తి నవ్వబోయి, తను నవ్వకూడదని గుర్తొచ్చినట్టు మళ్ళీ తల దించుకున్నాడు. ఆయనే వెండెల్ ఫ్రిక్. డెబ్బై ఒకటో ఏడు. ఆయన చొక్కా వెనక అంచు లేదు. అక్కడ లోపలి బనీను కనిపిస్తోంది. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు, అవి వణుకుతున్నాయి.

వెర్నా ఆయన ఎదురుగా కూర్చుంది. "వెండెల్ గారూ, ఎన్నిసార్లు కాల్చారు?"

"ఒక్కసారే అమ్మాయ్."

"వేళ ఎలా తెలుసు?"

"కాల్చాక గడియారం చూసుకున్నాను. గోడ మీద రాయాలి కదా."

"ఎంత దూరం నుంచి?"

"నలభై గజాలు. అంతకన్నా దూరంలో ఉన్నదాన్ని నేను జింక అనను, సీనరీ అంటాను."

"ఎటువైపు?"

"పైకే. నేను కింద లారెల్ పొదల్లో మెల్లగా నడుస్తున్నాను. జింక గట్టు ఎక్కుతోంది. ఎల్లిస్ గాడు గట్టు మీదే ఉంటాడని నాకు తెలుసు, కానీ ఇంకా చాలా కుడి పక్కకి అనుకున్నాను. చెట్టుకి తగిలి పక్కకి జారిందేమో. నాదే అయ్యుంటుంది అమ్మాయ్. నలభై రెండేళ్ళ స్నేహితుడు. వాడి పెళ్ళికి తోడుపెళ్ళికొడుకుని నేను."

"కేక విన్నారా?"

"విన్నాను, కొండంతా తుపాకుల మోతే అయినా. పరిగెత్తాను. గాయం మీద చెయ్యి అదిమిపెట్టి వాడి విజిలే తీసి ఊదాను. 'తొమ్మిదీ పదికి కాఫీ పోసుకున్నాను, గుటకైనా పడలేదు, ఇప్పుడు తొమ్మిదీ ఇరవై, చల్లారిపోయింది' అని వాడు నన్నే తిట్టాడు. తర్వాత పావుగంటకి రాయ్ వచ్చాడు. బెల్టు బిగించి కట్టాడు. డాక్టరు అన్నారట, ఆ కట్టు లేకపోతే మనిషి దక్కేవాడు కాదని." ముసలాయన కెస్టర్ వైపు ఎంతో కృతజ్ఞతగా చూశాడు. "రాయ్ దేవుడిలా వచ్చాడు."

కెస్టర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నువ్వెక్కడున్నావు రాయ్?" అంది వెర్నా.

"ఇక్కడే, రోడ్డు పక్కన, నా ట్రక్కులో. విజిల్ విని పరిగెత్తాను. ఈ ఏడాది ఇంకా ఒక్క తూటా కాల్చలేదు." అతని ఛాతీ కొంచెం పొంగింది. "ఇరవై ఆరు సీజన్లు వెర్నా. ఈ గోడంతా వెతుక్కో. నా పేరుతో ఒక్క ముక్క దొరికితే ఈ బూట్లు ఉడకబెట్టుకుని తింటాను."

బూట్లు నిజంగానే మంచివి. వెర్నా వాటిని చూసింది. తర్వాత ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి మేకుకి వేలాడుతున్న ఎల్లిస్ నారింజ రంగు కోటు చూసింది. దాని ఛాతీ మీద పెన్నుతో పెద్ద పెద్ద అంకెలు: 9:35. కట్టు బిగించిన వేళ ఒంటి మీదో బట్ట మీదో రాసిపెట్టాలని పోలీసు శిక్షణలో నేర్పుతారు, రక్తం ఎంతసేపు ఆగిందో డాక్టరుకి తెలియడానికి. కెస్టర్ చాలా శ్రద్ధగా నేర్చుకున్నాడు.

"పైకి వెళ్ళొస్తాను," అంది ఆవిడ లేస్తూ.

"పైన ఏముంది? రక్తం, చెట్లు. తూటా ఎటో పోయింది."

"చెట్లని పలకరించి చాలా రోజులైంది. వెండెల్ గారూ, మీ తూటా ఒకటి ఇస్తారా? ఆరింటి లోపల దేని మీదా సంతకం పెట్టకండి."

"పెట్టేస్తేనే ప్రాణం కుదుటపడుతుంది అమ్మాయ్," అన్నాడు వెండెల్, జేబులోంచి ఒకటి తీసి ఇస్తూ. ఆ మాట వెర్నాకి ముల్లులా గుచ్చుకుంది. సంతకం పెడితే ఆయనకి జైలు పడొచ్చు, పడకపోవచ్చు. కానీ వేట లైసెన్సు మాత్రం ఇక ఈ జన్మలో రాదు. దాన్నయినా భరిస్తాడేమో. ప్రాణస్నేహితుడిని తనే కాల్చానన్న నమ్మకంతో మిగిలిన రోజులు ఎలా వెళ్ళదీస్తాడు?

* * *

రెండూ పదిహేనుకి రోడ్డు దగ్గర గడియారం చూసుకుని నడక మొదలుపెట్టింది. ఎల్లిస్ కూర్చునే చోటికి చేరేసరికి రెండూ యాభై ఐదు. నలభై నిమిషాలు. తన ఎడమ మోకాలి పుణ్యమా అని పది నిమిషాలు తగ్గించినా ముప్పై.

అక్కడ రెండు రాళ్ళ మీద పలక, వెనక పెద్ద హెమ్‌లాక్ చెట్టు, ముందు నాలుగైదు పిల్ల చెట్లు అడ్డం. ఆ పిల్ల చెట్లకి అవతల చెట్లు నరికి గ్యాస్ పైపు వేసిన ఖాళీ పట్టీ. దానికి అవతల ఇంకో గట్టు. ఎల్లిస్ ఉన్నట్టు బయటివాడికి కనిపించదు. ఎల్లిస్‌కి మాత్రం పట్టీ అంతా కనిపిస్తుంది. కూర్చుని వేటాడేవాడు ఎంచుకునే చోటు అంటే ఇదే.

వెర్నా పలక మీద కూర్చుంది. ఎల్లిస్ ఎలా కూర్చునేవాడో అలాగే, కాళ్ళు చాపి, వీపు చెట్టుకి ఆనించి. అప్పుడు కుడి తొడ పక్కన చెట్టు బెరడులో వేలు పట్టేంత కన్నం కనిపించింది. నిలబడి చూసినవాడికి అది కనబడదు. కెస్టర్ నిలబడి చూశాడు, లేదా అసలు చూడలేదు.

తిన్నగా ఉన్న పుల్ల ఒకటి విరిచి ఆ కన్నంలో దూర్చింది. పుల్ల ఎటు చూపిస్తే తూటా అటునుంచి వచ్చినట్టు. వెండెల్ నడిచిన లారెల్ పొదలు ఎడమ పక్కన, బాగా కింద ఉన్నాయి. పుల్ల అటు కన్నెత్తి కూడా చూడలేదు. పట్టీ మీదుగా, తిన్నగా, అవతలి గట్టు వైపు చూపించింది.

"అబ్బాయ్," అంది వెర్నా చెట్టుతో, "నువ్వు మేజిస్ట్రేటు కంటే నయం."

చాకుతో తవ్వితే తూటా బయటికొచ్చింది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంది. వెనక భాగం చెక్కు చెదరలేదు. చివరికొచ్చేసరికి సన్నబడి, పడవ అడుగులా ఉంది. వెండెల్ ఇచ్చినదాన్ని పక్కన పెట్టి చూసింది. దాని మొన మొద్దుగా, చదునుగా ఉంది. వెనక వైపు ఎలా ఉంటుందో ఇత్తడి తొడుగులో దాక్కుంది. అది చెప్పగలిగినవాడు ఊళ్ళో ఒకడున్నాడు.

అవతలి గట్టుకి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. మూడు వందల పది. పధ్నాలుగు నిమిషాలు పట్టింది. అక్కడ ఓక్ చెట్టు మొదట్లో ఎండుటాకులు నలిగి ఉన్నాయి. ముందు నేలలో రెండు చిన్న గుంటలు, బరువైన తుపాకీని రెండు కాళ్ళ మీద నిలబెట్టి ఆనించుకున్న గుర్తులు. కాల్చాక తుపాకీ బయటికి విసిరే ఖాళీ తొడుగు లేదు. కానీ ఒక తమాషా ఉంది. కూర్చున్న చోటికి కుడి వైపు ఆకులన్నీ ఎలా రాలినవి అలాగే, మంచు ఆరి పెళుసుగా పడున్నాయి. ఎడమ వైపు ఆకులు మాత్రం ఎవరో చేత్తో దేవినట్టు తిరగబడి, తడి అడుగులు పైకి చూపిస్తున్నాయి.

లోకంలో నూటికి తొంభై తుపాకులు తొడుగుని కుడి వైపుకే విసురుతాయి. మరి ఈ మహానుభావుడు ఎడమ వైపే ఎందుకు వెతికాడు?

వెర్నా మోకాలి నొప్పి మర్చిపోయింది. ఈల వేసుకుంటూ కొండ దిగింది.

* * *

ఎమోస్ ట్రెక్స్‌లర్ తుపాకుల కొట్లో అడుగుపెట్టేసరికి నాలుగూ ఇరవై. ఎమోస్‌ది ఎనభై దాటిన వయసు, వెర్నా తండ్రితో కలిసి చదువుకున్నవాడు. సీజన్ మొదటి రోజు కాబట్టి జనమంతా అడవిలో ఉన్నారు, కొట్టు ఖాళీ.

"ఏమ్మా, పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా?"

"లేదు బాబాయ్."

"అయితే ముందు ఈ బెల్లం పై ముక్క తిను. నేరాలు ఎక్కడికీ పోవు."

బెల్లం పాకం నింపి కాల్చిన ఆ పిండివంట రెండు ముక్కలు తిన్నాక గానీ ఆయన తూటా ముట్టుకోలేదు. దీపం కింద పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు.

"ఇది వెండెల్‌ది అని ఎవడన్నాడు?"

"రాయ్ కెస్టర్."

ఎమోస్ కళ్ళద్దాలు కిందికి దించుకుని ఆమె వైపు చూశాడు. తర్వాత వెండెల్ తూటాని చేతిలోకి తీసుకున్నాడు. "వెండెల్ తుపాకీలో ఇవి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి. వెనకదాని మొన ముందుదాని వెనకుండే, దెబ్బ తగిలితే నిప్పంటుకునే టోపీని ఒత్తుతూ ఉంటుంది. మొన సూదిగా ఉంటే తుపాకీ ఎగిరినప్పుడు చేతిలోనే పేలుతుంది. అందుకే మొద్దు మొన, చదును మడమ. నలభై ఏళ్ళుగా వెండెల్ ఇవే కొంటున్నాడు, ఒక డబ్బా మూడేళ్ళు వాడతాడు. నువ్వు తవ్వి తెచ్చినదానికి సన్నటి మడమ. గాలిని కోసుకుంటూ దూరం పోవడానికి అలా చేస్తారు. దీన్ని వెండెల్ తుపాకీలో పెట్టాలంటే ముందు వెండెల్‌కి పిచ్చెక్కాలి."

"మరి ఎలాంటివాడు పెడతాడు?"

ముసలాయన ముఖం వెలిగింది. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం. ఈ ప్రశ్న కోసమే ఆయన అరవై ఏళ్ళుగా కొట్టు తెరుస్తున్నాడు.

"తుపాకీ కొనడానికి వచ్చినవాడు గోడ మీద ఏది మెరుస్తోందా అని చూస్తాడమ్మా. నేను వాడి బూట్లు చూస్తాను. బూట్లు అరిగితే నడిచేవాడు, పాంటు వెనక అరిగితే కూర్చునేవాడు. నడిచేవాడికి తేలికైనది, పొట్టిది కావాలి. పొదల్లో జింక కనిపించేది రెండు క్షణాలు. దుర్భిణిలో కన్ను పెట్టి వెతుక్కునేలోపు అది పక్క జిల్లాకి పోతుంది. చెట్టుకింద కూర్చునేవాడికి కాస్త బరువైనా ఫర్వాలేదు. ఇక పొలం గట్టు మీదా, గ్యాస్ పట్టీ మీదా కూర్చునేవాడికి దూరం పోయేది, పెద్ద దుర్భిణి పెట్టినది. కానీ అలాంటిది అమ్మే ముందు నేను ఇంకొకటి కూడా చూస్తాను."

"ఏమిటి?"

"కాల్చకుండా లేవగలడా అని. రోజంతా కూర్చుని, మంచి జింకని చూసి, దాని వెనక ఏముందో తెలియక తుపాకీ దించి ఇంటికి పోగలిగినవాడికే అది తగుతుంది. దుర్భిణిలో జింక ఇంత పెద్దదిగా కనిపిస్తుంది తల్లీ, జింక వెనక మనిషి మాత్రం కనిపించడు. ఆ నిగ్రహం నా కొట్లో అమ్మను."

"ఈ ఏడాది అది లేనివాడికి అమ్మారా?"

ఎమోస్ గుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాడు. బల్ల శుభ్రంగానే ఉంది.

"ఒకడికి. వద్దన్నాను. నువ్వు నడిచేవాడివిరా, అరగంట ఒక చోట కూర్చోలేవు, నీకు ఇది సరిపడదు అన్నాను. 'మోకాళ్ళు పోయాయి, ఎమోస్. మా క్యాంపులో ఎవరికీ తెలియదు, చెప్పకు' అన్నాడు. జాలేసింది. నా అరవై ఏళ్ళ వ్యాపారంలో జాలితో అమ్మినది అదొక్కటే. పేరు అడక్కు. కోర్టు కాయితం తీసుకురా, చూపిస్తాను. కొన్నవాడి గుట్టు దాచడం నా పని."

"పేరు వద్దు బాబాయ్. బోల్టు ఏ వైపు?"

ఎమోస్ ఎడమ చెయ్యి గాలిలోకి ఎత్తి, ఖాళీ తొడుగుని బయటికి విసిరే కనిపించని బోల్టు పిడి ఒకటి వెనక్కి లాగి, ముందుకి తోశాడు. "ప్రత్యేకంగా తెప్పించాల్సి వచ్చింది," అన్నాడు మెల్లగా. "నాలుగు నెలలు పట్టింది."

కొట్లోంచే వెర్నా ఆసుపత్రికి ఫోను చేసింది. నర్సు ఎల్లిస్‌కి ఇచ్చింది.

"కాలు ఉంటుందట," అన్నాడు ఎల్లిస్ హుషారుగా. "బొలోనా మాంసం పెట్టిన నా రొట్టె కొమ్మకి వేలాడదీసి వచ్చాను, ఎవడైనా తినేశాడా?"

"ఉడతలు కనిపెట్టినట్టున్నాయి. ఎల్లిస్ గారూ, తూటా తగిలినప్పుడు ఎటు చూస్తున్నారు?"

"ఎదురుగా. కప్పు ఎత్తానా, పట్టీ మధ్యలో పెద్ద మగజింక నిలబడి నన్నే చూస్తోంది. కొమ్ములకి ఎనిమిది కొనలు! అయ్యో తుపాకీ ఒళ్ళో లేదే అనుకున్నాను, అంతే, కాలు మండింది. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదమ్మా."

"కెస్టర్ అడగలేదా?"

"రాయ్‌ది మంచి మనసు. ఇక్కడికొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇదిగో విను, వెండెల్ గాడిని ఎవరూ ఏమీ అనకూడదు. వాడి తూటా అయినా సరే."

వెర్నా ఫోను పెట్టేసింది. మంచి మనసు. అదే చిక్కు. దుర్మార్గుడిని పట్టుకున్న రోజు ఆవిడకి అన్నం బాగా సయించేది. మంచివాడిని పట్టుకోవాల్సి వస్తే బెల్లం పై కూడా గొంతుకి అడ్డం పడుతుంది.

* * *

అయిదూ ముప్పై ఐదుకి క్యాంపు తలుపు తోసేసరికి కాయితం బల్ల మీద ఉంది. పెన్ను వెండెల్ చేతిలో ఉంది.

"సరిగ్గా సమయానికొచ్చావు," అన్నాడు కెస్టర్. "సాక్షి సంతకం నువ్వు పెట్టు."

వెర్నా ఆ కాయితం మీదే తూటాని పెట్టింది. పక్కన వెండెల్ ఇచ్చినది, ఎమోస్ పట్టకారుతో ఊడదీసి రెండుగా చేసినది, పెట్టింది. "ఎల్లిస్ వెనక చెట్టులోంచి తీశాను. వెండెల్ గారూ, మడమలు చూడండి."

ముసలాయన రెండింటినీ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయనకి ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. చాలాసేపు చూశాడు. పెన్ను కింద పడి దొర్లిపోయింది.

"నాది కాదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "అమ్మాయ్, ఇది నాది కాదు." ముఖం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. వెర్నా కళ్ళు కూడా తడిశాయి, ఆవిడ దాచుకోలేదు.

"సరే, మంచిదే," అన్నాడు కెస్టర్ గట్టిగా, కొంచెం ఎక్కువ గట్టిగా. "అయితే పట్టణం నుంచి వచ్చిన ఏ అనామకుడో కాల్చి పారిపోయాడన్నమాట. కొండ మీద ఇవాళ రెండు వందల మంది ఉన్నారు. ఎక్కడని వెతుకుతావు?"

"నిన్న నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నావు, ఇవాళ కుందేలే లేదంటావు."

"నిన్న కాదు, ఇవాళ మధ్యాహ్నం," అన్నాడు కెస్టర్.

"వేళల విషయంలో నువ్వు ఎప్పుడూ ఖచ్చితమే." వెర్నా నారింజ కోటు మేకు మీదనుంచి తీసి బల్ల మీద పరిచింది. "ఈ అంకెలు నీవేగా?"

"నావే. అలా రాయాలి."

"విజిల్ మోగింది తొమ్మిదీ ఇరవైకి. కట్టు బిగించింది తొమ్మిదీ ముప్పై ఐదుకి. రోడ్డు నుంచి పైకి నాకు నలభై నిమిషాలు పట్టింది."

"నీ మోకాలు సంగతి జిల్లా అంతా తెలుసు."

"నిజమే. నీ మోకాళ్ళ సంగతే ఎవరికీ తెలియదు."

కెస్టర్ చేతిలోని కప్పు ఆగిపోయింది. ఎడమ చెయ్యి. తుపాకీ తోలుసంచి కూడా ఎడమ తుంటి మీదే.

"అవతలి గట్టు నుంచి అయితే పధ్నాలుగు నిమిషాలు," అంది వెర్నా. ఆవిడ గొంతులో కోపం లేదు. "అక్కడ ఒకడు కూర్చున్నాడు రాయ్. బరువైన కొత్త తుపాకీ, రెండు కాళ్ళ మీద ఆనించాడు. పట్టీలో మగజింక నిలబడింది, కొమ్ములకి ఎనిమిది కొనలు. కాల్చాడు, తప్పింది. విజిల్ విని ఉన్నవాడు ఉన్నట్టే పరిగెత్తాడు, ఖాళీ తొడుగు కూడా ఏరుకోకుండా. పారిపోవడానికి కాదు, కాపాడడానికి. తర్వాత ఎప్పుడో మళ్ళీ వెళ్ళి ఎడమ వైపు ఆకులన్నీ దేవాడు. దొరికిందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కెస్టర్ చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. పోయిన చెయ్యి వెనక్కి రాలేదు. గదిలో పొయ్యి చిటపటలాడింది. వెండెల్ ముఖం మీదనుంచి చేతులు తీసి చూస్తున్నాడు.

కెస్టర్ జేబులోంచి ఇత్తడి తొడుగు తీసి, తూటా పక్కన నిలబెట్టాడు.

"నాకు జింకే కనిపించింది," అన్నాడు. "ఒట్టు వెర్నా, జింక తప్ప ఇంకేమీ కనిపించలేదు."

"తెలుసు."

"కొండ దిగేటప్పుడు దారంతా చెబుదామనే అనుకున్నాను. అంబులెన్సు వెళ్ళగానే చెబుదామనుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి ఈయన కత్తెర అడిగాడు." వెండెల్ వైపు చూడలేక గోడ వైపు చూశాడు. "ఎంత తేలిగ్గా అడిగాడని! తప్పిందిరా, కొయ్యండి అన్నాడు. నేను ఇరవై ఆరేళ్ళుగా... ఆ గోడ మీద నా పేరు పడుతుందని... అంతే వెర్నా. నిజంగా అంతే. జైలుకి భయపడలేదు. చెప్తే నవ్వుతావు."

వెర్నా నవ్వలేదు. "ఒక మనిషిని ఆ గోడ కోసం జైలుకి పంపబోయావు."

"తెలుసు," అన్నాడతను. "పొద్దుటినుంచీ ఆ కాయితం నాలుగుసార్లు చింపి మళ్ళీ రాశాను."

"తుపాకీ?"

"ట్రక్కులో, సీటు వెనక."

"అదీ, నీ బ్యాడ్జీ నాకిచ్చెయ్యి. ఆరింటికి మేజిస్ట్రేటు దగ్గరికి మనిద్దరం వెళ్తాం. అది చట్టం సంగతి." ఆవిడ గోడ వైపు తల తిప్పింది. "ఇక ఈ క్యాంపు సంగతి మీరూ మీరూ చూసుకోండి. నేను ఆడదాన్ని, ఇక్కడ నాకు ఓటు లేదు."

కెస్టర్ బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత చొక్కా పాంటులోంచి బయటికి లాగి, మేకుకి వేలాడుతున్న కత్తెర అందుకున్నాడు. ఎడమ చేత్తో పట్టుకుని వెనకనుంచి కోయబోయాడు. అది కుడిచేతి కత్తెర, గుడ్డ నలిగింది తప్ప తెగలేదు. రెండోసారి ప్రయత్నించాడు. మూడోసారీ అంతే.

వెండెల్ ఫ్రిక్ లేచాడు. పొద్దుటినుంచీ వంగిపోయి ఉన్న మనిషి నిటారుగా నడిచి వెళ్ళి, అతని చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు.

"తిరుగు," అన్నాడు.

కెస్టర్ తిరిగాడు. నీలం చొక్కా అంచు ఒక్క కోతలో ముసలాయన చేతిలోకొచ్చింది. ఆయన దాన్ని తన ఆకుపచ్చ ముక్క పక్కనే గోడకి పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టాడు. తర్వాత నేల మీద దొర్లిన పెన్ను వెతికి తీసుకున్నాడు.

"వేళ ఎంత రాయమంటావురా రాయ్?"

"తొమ్మిదీ పది," అన్నాడు కెస్టర్ గోడ వైపు చూడకుండా.

వెండెల్ పేరు రాశాడు, తేదీ రాశాడు, వేళ రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన చెయ్యి వణకలేదు.